దడకు ఆకు, గాబరాకు వేరు

ఆందోళన అనే మాట పాఠ్యపుస్తకాల్లోకీ వైద్యుల చీటీల్లోకీ ఎక్కక ముందే తెలుగువారు ఆ స్థితిని దాని ఛాయలను బట్టి వేర్వేరు పేర్లతో పిలుచుకున్నారు. పరీక్ష గది గుమ్మం ముందు నిలబడిన పిల్లవాడిది కంగారు, పొద్దుపోయినా ఇల్లు చేరని కొడుకు కోసం వాకిట్లో కూర్చున్న తల్లిది గుబులు, పుట్టింటిని తలచుకుని అన్నం ముట్టని కొత్త కోడలిది బెంగ, కాళ్ళూ చేతులూ ఆడనివ్వనిది గాబరా, కారణం ఏదీ తోచకపోయినా గుండె గబగబ కొట్టుకుంటే అది దడ, దేన్నో చూసి ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకున్న పసివాడిది దడుపు. మూలికలతో మనసును నెమ్మదింపజేసుకోవాలనుకునే వారికి ఈ పేర్ల తేడా బాగా అక్కరకు వస్తుంది, ఎందుకంటే బెంగకు మందు చాలాసార్లు మనిషి తోడు, కంగారుకు మందు చాలాసార్లు సాధన, దడకు మందు వెతికే ముందు రక్తపరీక్ష అవసరం కావచ్చు. ఈ మూడింటికీ కలిపి ఒకే వేరును నూరి తాగించేవారు ఏ ఒక్కదాన్నీ సరిగా చూడలేదనే అనుకోవాలి.

వైద్యశాస్త్రం ఈ ఛాయలన్నిటి అడుగునా ఒకే శరీర వ్యవహారాన్ని గుర్తిస్తుంది. ప్రమాదం ఎదురైందని మెదడు భావించగానే, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌ను, కాసేపటికి కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. అడవిలో ఎలుగుబంటి ఎదురైన మనిషికి ఈ సన్నాహమే ప్రాణరక్షణ. ఎలుగు లేకుండానే అది నెలల తరబడి సాగి నిద్రనూ పనినీ చెడగొడితే దానిని ఆందోళన రుగ్మత అంటారు. మూలిక ఏదైనా ఈ గొలుసులో ఎక్కడో ఒక లంకెను తాకితేనే పనిచేస్తుంది. ఎక్కడ తాకుతున్నదో తెలియకుండా వాడితే అది మేలు చేసినా కీడు చేసినా కారణం అంతుబట్టదు.

ఈ సంగతిని పరిశీలించడానికి అనంతగిరి కొండల వంటి చోటు తెలుగునేల మీద అరుదు. విశాఖపట్నం నుంచి అరకు లోయకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఉన్న ఈ మండలం, బొర్రా గుహలను తన పొలిమేరలో ఉంచుకుని, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైంది. గోస్తనీ నది పుట్టే ఈ వాలుల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగల మధ్య, నరాలను రెచ్చగొట్టే గింజ ఒకటి పండుతుంది. నరాలను అణచివేసే వేరు ఒకటి తూర్పు కనుమల తేమ అడవుల్లో పెరుగుతుంది. మొదటిది కాఫీ, రెండవది సర్పగంధ. ఈ రెండింటి కథ తెలిస్తే మిగిలిన మూలికల సంగతి సగం తెలిసినట్టే కనుక, ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు వాటికే దక్కింది.

గ్లాసులోని దడ

మనసు నెమ్మదించడానికి ఏ మూలిక తీసుకోవాలి అని అడిగేవారు ముందుగా ఏ మూలికను తగ్గించుకోవాలి అని అడగడం మంచిది. కాఫీ కూడా మొక్క నుంచి వచ్చిన మందే. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజలను పండించే గిరిజన రైతులు దానికి గర్వించడం న్యాయమే. అయితే ఘాట్ రోడ్డు పక్కన మంచును చూస్తూ రెండో గ్లాసు అందుకునే యాత్రికుడు తన గుండెదడకు కారణం ఎత్తైన కొండ అనుకుంటే మాత్రం పొరపాటు పడినట్టే. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పగలంతా పోగుపడుతూ ఇక విశ్రాంతి కావాలని సంకేతం ఇస్తుంటుంది. కాఫీలోని కెఫీన్ ఆ సంకేతం చేరవలసిన చోట తాను కూర్చుని దారి మూస్తుంది. అలసట తెలియకుండా పోవడం దాని వరం, గుండె వేగమూ చేతుల వణుకూ దాని శాపం. ఆందోళనకు మొగ్గు ఉన్నవారిలో ఈ శాపం తక్కువ మోతాదులోనే కనిపిస్తుంది, ఇక అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథమైతే కెఫీన్ తెచ్చిపెట్టే ఆందోళనను విడి రుగ్మతగానే లెక్కించింది.

లెక్క తెలిస్తే జాగ్రత్త సులభం. ఒక కప్పు ఫిల్టర్ కాఫీలో సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు సాధారణంగా హాని లేదని ఐరోపా, అమెరికా ఆహార సంస్థలు చెబుతున్నాయి. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీలో సగం రాత్రి 10 గంటలకు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, గర్భిణుల్లో ఇంకా ఆలస్యంగా కరుగుతుంది. అరబికా గింజలో కెఫీన్ రోబస్టాలో ఉన్నదానిలో దాదాపు సగమే, చికోరీలో అసలు ఉండదు. కాబట్టి కాఫీ రుచిని వదులుకోలేనివారికి గింజ మార్చుకోవడం, చికోరీ వంతు పెంచుకోవడం అనే దారులున్నాయి. ఒక్కసారిగా మానేస్తే మర్నాటి నుంచే తలనొప్పి, చిరాకు పట్టుకుని వారం దాకా వదలకపోవచ్చు కనుక రెండు మూడు వారాల్లో గ్లాసు వెంట గ్లాసు తగ్గించుకోవాలి. రోజుకు ఐదు గ్లాసులు తాగుతూ నిద్ర కోసం రాత్రి అశ్వగంధ మాత్ర మింగడం, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ పాలు పొంగకుండా నీళ్ళు చల్లడం వంటిది.

కాఫీ తగ్గించినా దడ తగ్గకపోతే శరీరాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, రక్తంలో చక్కెర పడిపోవడం, గుండె లయ తప్పడం వంటివన్నీ అచ్చంగా ఆందోళన వేషమే వేస్తాయి. గిరిజన ప్రాంతాల్లో రక్తహీనత ఎక్కువ, ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది; మెట్లెక్కితే ఆయాసం, దడ వస్తున్నాయని చెప్పిన స్త్రీకి మనసు మందు ఇచ్చి పంపేకన్నా హిమోగ్లోబిన్ చూడడం ఎక్కువ ఉపకారం.

అణచివేసే వేరు

పాతాళగంధి అని కూడా తెలుగులో వాడుక ఉన్న సర్పగంధ మోకాలెత్తు పొద. గుత్తులుగా తెల్లని పూలు, పూలకాడలు ఎర్రన, నేలలోకి మెలికలు తిరిగి దిగే వేరు, నాలుక మీద పెడితే భరించలేని చేదు. వృక్షశాస్త్రంలో దీనికి రావుల్ఫియా సర్పెంటినా అని పేరు పెట్టినప్పుడు మొదటి పదానికి 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రావుల్ఫ్ పేరును, రెండవ పదానికి పాము పోలికను వాడారు. పిచ్చికీ నిద్రలేమికీ పాముకాటుకూ దీని వేరును భారతదేశంలో ఎంతోకాలంగా వాడుతున్నారు. పాముకాటుకు ఇది విరుగుడు కాదన్నది ఇప్పుడు స్పష్టం, కాటుకు కావలసింది ఆసుపత్రిలోని విరుగుడు సూదిమందే. మిగిలిన రెండు వాడుకలకూ మాత్రం గట్టి ఆధారమే ఉందని 20వ శతాబ్దం తేల్చింది. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఉన్మాదానికీ రక్తపోటుకూ ఈ వేరు పనికివస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై దీని ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వెలువరించడంతో పాశ్చాత్య వైద్యం దీనివైపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయనవేత్తలు ఈ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. రెండేళ్ళు తిరిగేసరికి అమెరికా మానసిక వైద్యశాలల్లో ఉద్రిక్త రోగులకు దానిని ఇస్తున్నారు.

రిసర్పిన్ ఎలా శాంతపరుస్తుందో తెలిశాక ఉత్సాహం చల్లబడింది. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి సెరటోనిన్, డోపమైన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఆ సంచులు మళ్ళీ నిండకుండా రిసర్పిన్ అడ్డుకుంటుంది, నిల్వ ఖాళీ అవుతుంది. గాదె ఖాళీ అయిన ఇంట్లో దొంగల భయం ఉండదు నిజమే, ఆకలి మిగులుతుంది. ఎక్కువ మోతాదులో వాడినవారిలో కొందరు తీవ్రమైన నిరాశలో పడినట్టు, రక్తపోటు మరీ దిగజారినట్టు, ముక్కు దిబ్బడ, కడుపులో మంట, వణుకు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. ఈ వేరు మీద జరిగిన పరిశోధనలోనే మెదడు రసాయనశాస్త్రం ఎదిగింది. స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ 1957లో రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేసిన జంతువులకు ఎల్-డోపా అనే పదార్థం ఇవ్వగా అవి తిరిగి చలనం పొందాయి. ఆ బాటలో సాగిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఎల్-డోపా సహజంగా దొరికే గింజల్లో మన దూలగొండి ఒకటని, ఒంటికి తగిలితే దురద పెట్టే ఆ కాయ తీగ కూడా మన అడవుల్లోనే పొదలకు అల్లుకుంటుందని తెలిస్తే అడవిని చూసే చూపు కొంత మారుతుంది.

ఆచరణలో దీని అర్థం సర్పగంధను ఇంట్లో స్వయంగా వాడకూడదనే. వేరుకూ వేరుకూ మందు శాతం మారుతుంది, చిటికెడు అనే కొలత ఒకరి వేళ్ళకూ మరొకరి వేళ్ళకూ సమానం కాదు, ఇప్పటికే రక్తపోటు మాత్రలో నిరాశకు మాత్రలో వాడుతున్నవారికి ఇది ప్రమాదం తేగలదు. మరో కారణం మొక్కదే. వేరు కోసం తవ్వితే మొక్క మొత్తం పోతుంది; ఆకు కోసి వదిలేసే మూలికలకు ఉన్న రెండో అవకాశం దీనికి లేదు. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు విధించే సైటీస్ ఒప్పందం జాబితాలో సర్పగంధ ఉండడానికి ఈ తవ్వకమే మూలం.

పెన్నేరుగడ్డ, సరస్వతి ఆకు

సర్పగంధతో పోలిస్తే సౌమ్యమైనది, ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది అశ్వగంధ. తెలుగులో పెన్నేరుగడ్డ అనే ఈ మొక్క వంగ కుటుంబానికి చెందినది. వానలు తక్కువ పడే పొడినేలలు దీనికి ఇష్టం, కాబట్టి అనంతగిరి మంచుకన్నా రాయలసీమ ఎండ దీనికి పుట్టినిల్లు అనవచ్చు. కొండ మూలిక అని చెప్పి అమ్మేవారి మాటను ఇక్కడే ఒకసారి తూచుకోవచ్చు. దీని మీద జరిగిన పరీక్షల్లో తెలుగువారు గుర్తుంచుకోదగినది 2012లో హైదరాబాద్ నుంచి వెలువడింది: దీర్ఘకాల ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి గొట్టపు మాత్రలను 60 రోజులు ఇచ్చారు. అశ్వగంధ జట్టులో ఒత్తిడి అంకెలూ రక్తంలోని కార్టిసాలూ గణనీయంగా తగ్గాయి. తర్వాత జరిగిన పరీక్షలు చాలావరకు ఇదే దిశలో ఉన్నా, అవన్నీ చిన్నవి, కొద్ది వారాలవి, పలుచోట్ల అమ్మకందారుల ఖర్చుతో జరిగినవి అన్న సంగతి మరువరాదు. మంచి సూచన ఉంది, గట్టి రుజువు ఇంకా లేదు అని చెప్పడం ఈ స్థితికి సరిపోతుంది.

మేలు ఉన్నచోట వెల కూడా ఉంటుంది. అశ్వగంధ వాడిన కొందరిలో కాలేయం వాచి కామెర్లు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. థైరాయిడ్ హార్మోన్‌ను ఇది పెంచగలదు కాబట్టి ఆ గ్రంథి అప్పటికే అతిగా పనిచేస్తున్నవారికి దడ తగ్గకపోగా రెట్టింపు అవుతుంది. గర్భిణులు దీనిని వాడకూడదు. డెన్మార్క్ 2023లో దీని అమ్మకాన్నే నిషేధించింది. ఆ నిర్ణయం మితిమీరిందని భారతీయ వైద్యులు అనవచ్చు, అయినా మన దుకాణాల్లో ఇది మిఠాయిలా చేతికందడం కూడా మితిమీరినదే.

సరస్వతి ఆకు సంగతి వేరు. సంస్కృతంలో మండూకపర్ణి, శాస్త్రనామం సెంటెల్లా ఏషియాటికా. చెలమల పక్కన, పొలం గట్ల తేమలో నేలబారుగా పాకుతూ మూత్రపిండం ఆకారపు గుండ్రని ఆకులు వేస్తుంది. చరక సంహిత బుద్ధికి బలమిచ్చే నాలుగు మేధ్య రసాయనాలను చెబుతూ మండూకపర్ణి రసాన్ని, అతిమధురం చూర్ణాన్ని, తిప్పతీగ రసాన్ని, శంఖపుష్పి ముద్దను పేర్కొంది. 2000లో కెనడా పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో, మండూకపర్ణి 12 గ్రాములు ఒక్కసారి తీసుకున్నవారు హఠాత్తుగా వినిపించిన పెద్ద శబ్దానికి తక్కువగా ఉలిక్కిపడ్డారు. ఉలికిపాటు ఆందోళనకు దగ్గరి చుట్టమే గానీ అదే ఆందోళన కాదు, ఒక్క మోతాదు ఫలితం రోజువారీ వాడకానికి హామీ కాదు. పప్పులోనో పచ్చడిలోనో గుప్పెడు ఆకు వేసుకోవడం పాత అలవాటు, దానిలో హాని చాలా అరుదు. చిక్కటి సారపు గొట్టాలు నెలల తరబడి మింగడం పాత అలవాటు కాదు, కొందరి కాలేయానికి అది పడలేదు.

అసలు చిక్కు పేరులో ఉంది. బ్రాహ్మి అని అడిగితే ఒక ప్రాంతంలో ఈ సరస్వతి ఆకునే ఇస్తారు, మరో ప్రాంతంలో నీటి చెమ్మలో పెరిగే చిన్న దళసరి ఆకుల బకోపా మొన్నియేరిని ఇస్తారు. రెండో బ్రాహ్మి మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా జ్ఞాపకశక్తికి సంబంధించినవి, ఫలితం కనిపించడానికి 12 వారాల దాకా పట్టింది, కడుపులో వికారం తరచుగా కలిగే ఇబ్బంది. చరకుడి నాలుగింటిలో మిగిలినవాటికి కూడా ఈ కాలపు హెచ్చరికలు చేరాయి. అతిమధురాన్ని రోజూ వాడితే రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోతుంది, అప్పుడు గుండెదడ నయం కావలసింది పోయి కొత్తగా వస్తుంది. శంఖపుష్పి మూర్ఛకు వాడే ఫినిటోయిన్ మాత్ర శక్తిని తగ్గిస్తుంది కనుక మూర్ఛరోగుల చెంతకు దానిని రానివ్వకూడదు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం విచ్చలవిడిగా తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు బయటపెట్టారు. ప్రాచీన గ్రంథంలో ఉన్నదనే గౌరవం మోతాదు తప్పినవారిని కాపాడదు.

వంటింటి వస్తువుల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. నిమ్మగడ్డి టీ గురించి 1986లో బ్రెజిల్‌లో మనుషుల మీద జరిపిన పరీక్షలో ఆందోళన తగ్గించే గుణం ఏమీ కనబడలేదు. అయినా కాఫీ స్థానంలో ఆ వాసన గల వేడినీళ్ళు చేరితే కెఫీన్ తగ్గిన లాభం తప్పకుండా దక్కుతుంది. తులసికి చిన్న పరీక్షల్లో కొంత అనుకూలత ఉంది. పాలలో చిటికెడు జాజికాయ పొడి వేసి తాగించడం మామూలే, అయితే ఆ చిటికెడు దాటి చెంచా నిండుగా, అంటే 5 గ్రాముల పైన వేస్తే దానిలోని మిరిస్టిసిన్ వల్ల భ్రమలు, గుండెదడ, భయం ముంచుకొస్తాయి. పట్టణ దుకాణాల్లో దొరికే సీమచామంతి టీకి మాత్రం ఓ మోస్తరు ఆధారం ఉంది: 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 57 మంది రోగుల మీద 8 వారాల పరీక్షలో దాని సారం తేలికపాటి ఆందోళనను తగ్గించింది. దేవుడి పటానికి వేసే మన చామంతి వేరే మొక్క, దానికి ఈ ఫలితం వర్తించదు.

సంతలో కొనేటప్పుడు

విశాఖ మన్యంలో వారపు సంతే దుకాణం, సంతే వార్తాపత్రిక, కొంతమేరకు సంతే వైద్యశాల. చింతపండు, అడ్డాకులు, కరక్కాయ, తేనెతో పాటు చిన్న చిన్న వేరుముక్కల కుప్పలు కూడా గోనెల మీద కనిపిస్తాయి. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి కొనే అటవీ ఫలసాయంలో ముష్టి పిక్కలు కూడా ఉంటాయి. ముష్టి పిక్కలో స్ట్రిక్నిన్ అనే తీవ్రమైన విషం ఉంది. అది నరాలను నెమ్మదింపజేయదు, కొయ్యబారేలా ఈడ్చి చంపగలదు. ఆయుర్వేదంలో దానిని శుద్ధి చేసి వైద్యుని పర్యవేక్షణలో వాడే పద్ధతి ఉంది, అయితే నరాల బలహీనత అనే గోడరాతల మాట పట్టుకుని తెలియనివారి చేతి పొడి తినేవారికి ఆ శుద్ధి జరిగిందో లేదో చెప్పేవారు ఉండరు. నిజానికి నరాల బలహీనత అనే మాట తెలుగునాట అలసట నుంచి లైంగిక సమస్యల దాకా దేనికైనా అతికించే చీటీగా మారింది. ఆ చీటీ చూసి మందు కొనడం పేరు తెలియని రైలెక్కడమే.

పట్టణంలో సీసాలో కొన్నంత మాత్రాన నిశ్చింత రాదు. 2008లో అమెరికా పరిశోధకులు అంతర్జాలంలో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ, వాడిన మొక్క పేరుతో పాటు ఏ భాగమో స్పష్టంగా ముద్రించిన డబ్బానే తీసుకోవడం, ఇరవై మూలికలు కలిపిన లేహ్యం కన్నా ఒకే మూలిక ఉన్న చూర్ణాన్ని ఎంచుకోవడం ఇందుకే అవసరం. ఇరవై కలిసినప్పుడు ఏది పడిందో, ఏది వికటించిందో తెలుసుకునే దారి ఉండదు. జటామాంసి కావాలనుకునేవారికి ఇంకో మాట: అది హిమాలయాల ఎత్తుల్లో పెరిగే మొక్క, అడవుల్లో అంతరించిపోయే దశకు చేరింది, తక్కువ ధరకు దొరికే జటామాంసిని అనుమానించడమే తెలివి.

మూలిక అనే పేరు లేకపోయినా గాబరా అణచుకోవడానికి ఈ కొండల్లోనూ మైదానాల్లోనూ ఎక్కువమంది ఆశ్రయించేవి మరో రెండున్నాయి. మొదటిది మద్యం: జీలుగు కల్లు, సారా తాగిన మొదటి గంటలో గుబులును మాయం చేస్తాయి. మద్యం దిగిపోయే తెల్లవారుజామున అణగిన నాడులు ఎదురుతిరిగి దడనూ చెమటనూ ముందుకన్నా ఎక్కువగా తెస్తాయి, ఆ దడకు మళ్ళీ కల్లే మందుగా తోస్తుంది. రెండోది గంజాయి. దాని సాగు విశాఖ మన్యాన్ని చాలాకాలం పీడించింది, 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలను నరికించారు, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దాని సాగు, రవాణా నేరం. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా గంజాయిలోని టీహెచ్‌సీ ఎక్కువ మోతాదులో ఆందోళననూ అనుమానపు భయాలనూ పెంచేదే. చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో మతిభ్రమణ ముప్పు ఇంకా ఎక్కువ. ప్రకృతి ఇచ్చిన ఆకు కదా అనే వాదం ఉమ్మెత్తకు కూడా చెల్లుతుంది, ఉమ్మెత్త తిన్నవారి గతి అందరికీ తెలుసు.

వాడి చూడదలచినవారికి

కొండ ఊళ్ళలో ముహూర్తాలు చూసే దిసారి వంటి పెద్దలు మందుమాకులు కూడా ఇవ్వడం ఉంది. రోగి ఎదుట కూర్చుని, చేయి పట్టుకుని, భయం ఎప్పుడు మొదలైందో విని, ఆ తర్వాతే వేరు అరగదీసి ఇవ్వడంలో సగం వైద్యం వేరు కన్నా ముందే జరిగిపోతుంది. ఆందోళన మందుల పరీక్షల్లో ఉత్తుత్తి గొట్టాలు మింగినవారిలో కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉపశమనం పొందుతుంటారు. దీనిని మోసం అని తోసేయడం తొందరపాటు; నమ్మకం, ఆదరణ, ఒక క్రమం శరీరంలోని సన్నాహాన్ని నిజంగానే సడలిస్తాయి. కాబట్టి హాని లేని ఆకు ఏదైనా తీసుకునేవారు ఆ క్రమాన్ని కూడా తీసుకోవాలి: ఒకే వేళ, ఒకే చోట, ఫోను పక్కన పెట్టి, ఆవిరి పైకి లేచే గ్లాసును రెండు చేతులా పట్టుకుని, ఊపిరిని నిమిషానికి ఆరేడు సార్లకు తగ్గించి పది నిమిషాలు కూర్చుంటే, తులసికి ఎంత గుణం ఉన్నా లేకపోయినా ఆ ఊపిరికి ఉన్న గుణం దక్కుతుంది.

అంతకుమించి అశ్వగంధ వంటి పనిచేసే మూలికను ప్రయత్నించేవారు దానిని మందుగానే చూడాలి. ఒకసారికి ఒకటే మూలిక, చీటీ మీద ఉన్న కనీస మోతాదు, మొదలుపెట్టిన తేదీ, రోజూ నిద్రపోయిన గంటలు, దడ వచ్చిన సార్లు, కాఫీ గ్లాసుల సంఖ్య ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఎనిమిది వారాల్లో మార్పు కనబడకపోతే మోతాదు పెంచకుండా ఆపేయాలి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్ళంతా దురద పెట్టినా ఆ రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు దీనికి దూరంగా ఉండాలి. పసిపిల్లలకు మాటలు రావాలని తేనెలో వస అరగదీసి నాకించే ఆచారం, వసపిట్ట అనే మాట ఎంత ముద్దుగా ఉన్నా, మానుకోదగినదే. వసలోని బీటా ఆసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగించడంతో 1968లోనే అమెరికా దానిని ఆహారంలో నిషేధించింది, ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా క్షేమం కాదు.

ఇప్పటికే అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు వాడుతున్నవారు మూలిక దొరికింది కదా అని వాటిని ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, రెండూ కలిపితే మగత పెరిగి ఘాట్ రోడ్డు మీద బండి నడిపే చేతులు తడబడతాయి. చనిపోవాలనే ఆలోచన వచ్చినా, ఛాతీలో నొప్పితో పాటు దడ వచ్చినా, తిండీ నిద్రా పూర్తిగా కరువైనా, మూలిక దగ్గర ఆగడం కాలయాపన. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. డోలీ మోస్తే తప్ప రోడ్డు చేరలేని గూడేల నుంచి పాడేరు, అరకు, విశాఖ ఆసుపత్రులకు వెళ్ళడం మాటలు కాదు కనుక, ఆ ప్రయాణం కుదిరిన రోజున వేరు ముక్కను, పొడి డబ్బాను, అప్పటిదాకా రాసుకున్న పుస్తకాన్ని ఒకే సంచిలో వేసుకుని వెళ్ళాలి. వైద్యుడు కోప్పడతాడేమోనని చాలామంది మందుమాకుల సంగతి దాస్తారు. వైద్యుడు ఏ మాత్ర రాయాలన్నా ముందు ఆ సంచిలో ఏముందో ఆయనకు తెలియాలి.